బ్యాటున్నవాడే కెప్టెన్

బ్యాటు ఎవరిదైతే వాడే కెప్టెన్. మన వీధుల్లో ఎవరూ రాయకుండానే అమల్లోకొచ్చిన చట్టమిది. ఆ కుర్రాడు మొదటి బంతికే బౌల్డయితే అది ‘ట్రయల్ బాల్’. ఎల్బీడబ్ల్యూ అనే మాట ఎవరూ ఎత్తకూడదు. మరీ పట్టుబట్టి అవుటిచ్చారా, బ్యాటు చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు. ఇలాంటి వాళ్ళలో కొందరు పెద్దయ్యాక ఎమ్మెల్యేలవుతారు, క్రికెట్ సంఘాలకు అధ్యక్షులవుతారు.

ఈ వంశానికి మూలపురుషుడు మన విజయనగరం రాచబిడ్డ, పూసపాటి విజయానంద గజపతిరాజు. లోకానికి విజ్జీ. మహారాజకుమారుడే గాని మహారాజు కాదు, గద్దె అన్నగారిది. తమ్ముడుగారు కాశీకి మకాం మార్చి అక్కడే మైదానం వేయించుకున్నారు. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్‌ అంతటి వారిని పిలిపించి తన జట్టులో ఆడించారు. ఆ ఖర్చును వెక్కిరించే హక్కు మనకు లేదు, వాళ్ళ ఆట చూసే భాగ్యం మనవాళ్ళకు దక్కింది.

చిక్కల్లా ఆయన తానూ ఆడతాననడంతోనే. పరుగులకన్నా ఓట్లు తేలిగ్గా పడతాయని కనిపెట్టి, 1936 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్ అయ్యారు. మూడు టెస్టుల్లో మొత్తం 33 పరుగులు, సగటు 8.25. ప్రత్యర్థి కెప్టెన్‌కు బంగారు గడియారం బహూకరించి మెత్తటి బంతులు వేయించుకున్నారని ఒక కథ. వేసినాయన మాత్రం ఏం చేస్తాడు పాపం, రోజంతా అలాంటివే వేస్తే జనం ఊరుకుంటారా!

సొంత పార్టీలో అసమ్మతి వస్తే ఏం చేయాలో ఆయనకు బాగా తెలుసు. లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. తెలుగువాడే అయిన సి.కె. నాయుడిని పొద్దున ఫలహారం బల్ల దగ్గర అవమానించినందుకే బకా జిలానీకి ఓవల్ టెస్టులో చోటు దక్కిందంటారు. టికెట్లిచ్చే పద్ధతి అప్పటికే అదన్నమాట. సిరీస్ 2-0తో పోయింది, ఆ ఏడే ఆయనకు ‘సర్’ బిరుదు వచ్చింది. తర్వాత బోమాంట్ కమిటీ విచారించి తప్పు కెప్టెన్‌దేనంది.

కమిటీలు తప్పు పట్టినంత మాత్రాన మనిషి వెనకబడిపోతే రాజకీయమెందుకవుతుంది? 1937లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో కొన్నాళ్ళు మంత్రి. 1950ల్లో క్రికెట్ బోర్డు అధ్యక్షుడు. 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభ సభ్యుడు. నడుమ రేడియోలో వ్యాఖ్యానం కూడా! పులుల్ని ఎలా వేటాడేవారో ఒకసారి ఆయన వర్ణిస్తుంటే, వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ అమాయకంగా ముఖం పెట్టాడట. తుపాకీ వాడేవారా, మీ వ్యాఖ్యానం వచ్చేటప్పుడు ట్రాన్సిస్టర్ అడవిలో వదిలేస్తే అవే విసుగెత్తి చచ్చేవనుకున్నానే అన్నాడట.