గల్లా పెట్టె లాక్కున్నాను

మా అమ్మకు మతిమరుపు జబ్బు రాదని గట్టిగా నమ్మాను. ఆ ధైర్యం నాకు ఒక పరిశోధన వల్ల వచ్చింది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో న్యూరాలజీ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవాళ్లతో పోలిస్తే రెండో అంతకు మించో భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయట. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. అది చదివి ఎంత సంబరపడ్డానో! గౌలిపురాలో మా ఇంటి ముందుగదే కిరాణా కొట్టు. అమ్మ బడి మొహం చూడలేదు. అయినా ఇంట్లో తెలుగు, గిరాకీలతో దక్కనీ గడగడా మాట్లాడేది. మీర్ ఆలం మండిలో బేరమాడుతుంటే ఆమెది తెలుగిల్లని పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఆలస్యంగా వస్తుందన్న మాటను నేను అసలు రాదని చదువుకున్నాను. రెండు భాషలవాళ్లతో సహా ఆ 648 మందీ జబ్బు వచ్చినవాళ్లేనన్న సంగతి కళ్లెదుటే ఉన్నా బుర్రకెక్కలేదు.

అందుకే చిల్లర లెక్క తప్పుతుంటే అజాగ్రత్త అనుకున్నాను. 200 నోటు తీసుకుని 500కు చిల్లర ఇచ్చేది. "ధ్యాస యాడ పెట్టినవమ్మా?" అని గిరాకీల ముందే కసిరాను. చిన్నప్పటి లాల్ దర్వాజ బోనాల సంగతులు పూసగుచ్చినట్టు చెప్పే మనిషికి నోటు తేడా తెలియదంటే నమ్మబుద్ధి కాలేదు.

ఒకరోజు పచ్చిపులుసు చేస్తోంది. చింతపండు పిసికి రసం తీసింది, ఉల్లిగడ్డ కోసింది, కాల్చిన పచ్చిమిరపకాయలు పక్కనే ఉన్నాయి. ఉప్పు వేసి డబ్బా మూత పెట్టింది. మళ్లీ మూత తీసి ఉప్పు వేసింది. చెయ్యి గిన్నె మీద అట్లాగే ఆగిపోయింది. "ఇప్పుడేం ఎయ్యాలె బిడ్డా?" అనడిగింది. జవాబు చెప్పకుండా "నువ్వు పోయి కూసో" అని పక్కకు జరిపాను. ఆ తర్వాత గల్లా పెట్టె కూడా లాక్కున్నాను. ఆమెకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను. నిజానికి కొట్లో తప్పుతున్నది చిల్లర ఒక్కటే. తూకం తప్పలేదు, పలకరింపు తప్పలేదు, ఎవరింట్లో ఏ బియ్యం వండుతారో మరిచిపోలేదు. పెట్టె పోయాక ఇక కొట్లోకి రావడమే మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది.

అప్పుడు గల్లీలో అమ్మ ఈడు ఖాలా వచ్చి నా చేతిలో కొన్ని నోట్లు పెట్టింది. "అమ్మకు నక్కో బోలో బేటా" అంది, అమ్మకు చెప్పొద్దని. అమ్మ పొరపాటున ఎక్కువిచ్చిన చిల్లరంతా తను దాచి ఉంచిందట. తల మొద్దుబారినట్టుందని, లెక్క అందడం లేదని, భయమేస్తోందని అమ్మ ఆమెతో ఎప్పుడో చెప్పుకుందట. నాకు మాత్రం చెప్పొద్దందట, తిడతానని.

అది విన్నాక అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పేర్లూ తేదీలూ కాసేపే అడిగింది. ఎక్కువసేపు పనుల గురించే అడిగింది. డబ్బు లెక్క చూసుకుంటుందా, మాత్రలు తనంతట వేసుకుంటుందా, వంట వరస తప్పుతోందా, ఒక్కతే బజారుకు పోయి రాగలదా. అల్జీమర్స్‌లో పాత జ్ఞాపకాలు చాలాకాలం నిలిచినా, ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనులు ముందే చెదరొచ్చని అప్పుడు తెలిసింది. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ వల్ల కూడా ఇట్లా కావచ్చు, వాటికి మందుంది కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించమంది. అమ్మకు అవేవీ కావని తేలింది. ఒకవేళ అయి ఉంటే? నేను కసురుతూ గడిపిన కాలమంతా నయమయ్యే జబ్బుకు మందు పడకుండా పోయేది కదా! అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇప్పుడు గల్లా పెట్టె మళ్లీ అమ్మ ముందే ఉంది. అందులో పది రూపాయల నోట్లు, నాణేలే పెడతాను. పెద్ద నోటు వస్తే నాకు అందిస్తుంది. పచ్చిపులుసుకు కావలసినవి వరసగా పేర్చి ఒక్కొక్కటే చేతికిస్తే చక్కగా కలుపుతుంది. తిట్టడం మానేశాను. అయినా లెక్క తప్పిందనిపిస్తే చాలు, అమ్మ ముందు నా మొహంలోకే చూస్తుంది. ఆ భయం ఇంకా పోలేదు.