లారీ డ్రైవరుకు ప్రశ్నపత్రం

అట్టపెట్టెలు తెమ్మని మా ఆవిడ సంచీ ఇచ్చి పంపితే నేను తెల్లకాగితాలు కొనుక్కొచ్చాను. 31 ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవాడికి పింఛనుతో పాటు ప్రశ్నపత్రాలు తయారుచేసే దురద కూడా నెలనెలా వస్తూనే ఉంటుంది. వనస్థలిపురంలో ఇల్లు ఖాళీచేసి విశాఖపట్నంలో అమ్మాయి వాళ్లింటి దగ్గర చేరాలని నిర్ణయమైంది. లారీ మాట్లాడాలి. మాట్లాడే ముందు లారీవాణ్ణి ఏమేం అడగాలో రాసుకోవాలి. కాగితం నెత్తిన 'అన్ని ప్రశ్నలకును సమాధానములు ఇవ్వవలెను' అని రాసి కింద గీత గీశాక గానీ నా మనసు కుదుటపడలేదు.

బీరువా, మంచాలు, ఊరగాయ జాడీల గురించి నాకు బెంగలేదు. జాడీల గురించి బెంగపడే మనిషి ఇంట్లో వేరే ఉంది. నా బెంగంతా రెండింటి మీద. ఒకటి నా పాత చేతక్ స్కూటరు. ఒక పక్కకి వంచి, బతిమాలి, ఆ తర్వాత తంతే గాని స్టార్టవదు. రెండోది బంగారం. బంగారం మా కుక్క. వీధిలో పుట్టి, వానాకాలంలో ఓ రాత్రి గేటు కింద నుంచి దూరి, వరండా మీదుగా అంచెలంచెలుగా సోఫా దాకా వచ్చేశాడు. ఇప్పుడు ఆ సోఫాలో నేను కూర్చోవాలంటే వాడు జరగాలి.

స్కూటరు గురించి బెంగకి కారణం మా బావమరిది. 2013లో బెంగుళూరు నుంచి హైదరాబాదుకు మోటారుసైకిలు పంపించాడు. ఎవరి ద్వారా పంపాడో చెప్పను. నాలుగు రోజుల్లో డోర్ డెలివరీ అన్నారట. పంతొమ్మిదో రోజున ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్లమన్నారు. "డోర్ డెలివరీ అన్నారు కదండీ" అంటే, "మా గోడౌనుకి డోరు లేదా సార్?" అన్నాట్ట అవతలివాడు. వెళ్లి చూస్తే ఎడమవైపు అద్దం లేదు. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. "ఎండకి ఆవిరైపోద్ది సార్" అన్నారు. అది డిసెంబరు. అన్నిటికన్నా విడ్డూరం, లారీలో పడుకుని వచ్చిన బండికి మీటరు మీద 43 కిలోమీటర్లు పెరిగాయి!

అందుకని నా మొదటి ప్రశ్న: మీటరు రీడింగు ఇద్దరం కలిసి చూసి, బిల్టీ మీద వేసి సంతకం పెడతావా? రెండోది: ఎక్కించిన లారీలోనే దింపుతావా, మధ్యలో ఇంకో బండిలోకి మారుస్తావా? మూడోది: డెలివరీ ఎవరి డోరుకి?

నిజానికి ముందు రైలే అనుకున్నాను. సికింద్రాబాదు పార్శిల్ ఆఫీసులో స్కూటరు సంగతి తేలిగ్గానే తేలిపోయింది. పెట్రోలు మొత్తం తీసెయ్యాలి, ఆర్సీ నకలూ గుర్తింపు కార్డు నకలూ ఇవ్వాలి, బండికి గోనెపట్టా చుట్టి కుట్టించాలి. చిక్కంతా కుక్క దగ్గరే. మనతో పాటు రావాలంటే ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం మన పేరునే ఉండాలి. లేదంటే గార్డు బ్రేకువ్యానులో ఉండే ఇనప పెట్టె. పుట్టి బుద్ధెరిగాక ఏసీ ఫస్ట్ క్లాసు లోపల ఎలా ఉంటుందో నేను చూడలేదు. కుక్క పుణ్యమా అని చూద్దామా అని ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఛార్జీ లెక్కేసుకున్నాక ఆ ఆశని అక్కడే పార్శిల్ కట్టి వచ్చేశాను. ఇనప పెట్టె మాటెత్తితే మా ఆవిడ, "అందులో మీరు కూర్చోండి, బంగారం నా పక్క బెర్తులో పడుకుంటాడు" అంది. ఇది వేళాకోళమో ప్రతిపాదనో ఈనాటికీ తెలీదు.

ఇక లారీలే గతి. ఫోనెత్తినవాడు డ్రైవరు కాడని తెలుసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. వాడు బుకింగు ఏజెంటు. వాడి వెనక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, దాని వెనక లారీ ఓనరు, అందరికీ వెనకాల, అంటే అసలైన ముందు సీట్లో, డ్రైవరు. జవాబు తెలిసినవాడు ఆఖర్న ఉంటాడు. "అంతా మేం చూసుకుంటాం సార్" అనేవాడు మొదట్లోనే తగులుతాడు. కాబట్టి ప్రశ్నపత్రానికి సున్నా నంబరుతో ఇంకో ప్రశ్న చేర్చాను: బాబూ, స్టీరింగు పట్టేది నువ్వేనా?

అలా అడగ్గా అడగ్గా ఒక నిజం డ్రైవరు లైన్లోకొచ్చాడు.

"స్కూటరుంది, బంగారముంది. బంగారాన్ని మాత్రం కేబిన్లో పెట్టుకోవాలయ్యా."

అవతల కాసేపు చప్పుడు లేదు. "బంగారం లారీలో వెయ్యకూడదండీ. మేడంగారిని ఒళ్లో పెట్టుకోమనండి."

"రైల్లో రానివ్వరట."

"ఎన్ని తులాలండీ?"

"పద్దెనిమిది కిలోలు."

ఫోను పెట్టేశాడు. వంటింట్లోంచి మా ఆవిడ, "ముందు కుక్క అని చెప్పి ఏడవండి" అంది.

ఆఖరికి ఆటోనగర్‌లో సొంత లారీ తనే నడుపుకునే మనిషి దొరికాడు. రావులపాలెం వాడు. ఆదివారం సాయంత్రం ఇంటికే వచ్చాడు. కాఫీ ఇచ్చి, కళ్లజోడు సర్దుకుని, ప్రశ్నపత్రం విప్పాను.

"బీమా ఉందా?"

"లారీకుందండీ."

"నా స్కూటరుకి?"

"అది మీకు తెలియాలి గదండీ మాస్టారూ."

ఆ రాత్రి పాలసీ కాగితం తీసి భూతద్దం పెట్టి చదివాను. సమగ్ర పాలసీ అయితే, బండి రోడ్డు మీదో రైల్లోనో రవాణాలో ఉండగా తగిలిన దెబ్బకి కూడా సొంత నష్టం కింద డబ్బొస్తుంది. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే పైసా రాదు. నాది ఏదో మీరు ఊహించే ఉంటారు. పోనీ బిల్టీ ఇచ్చే ట్రాన్స్‌పోర్టు వాళ్ల పూచీ చూద్దామా అంటే, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద వచ్చిన నిబంధనలున్నాయి. ఎక్కువ విలువ రాయించి అదనంగా కట్టకపోతే, నష్టపరిహారం కిరాయికి పదింతలు దాటదు. పదింతలా అని సంబరపడేలోగా ఇంకో వాక్యం ఉంది: మనం రాయించిన సరుకు విలువా దాటదు. నేనేమో ఖర్చు తగ్గుతుందేమోనని నా చేతక్ విలువ 3,000 వేయిద్దామనుకున్నాను.

ఆ సాయంత్రమే, బీమా తర్వాత కుక్క విభాగానికి వచ్చాం. జంతువుల రవాణాకు 1978 నుంచీ నిబంధనలున్నాయి. ప్రయాణానికి పనికొస్తుందని పశువుల డాక్టరు సర్టిఫికెట్టు లేనిదే కుక్కని ఎక్కించుకోకూడదు. ఎండాకాలం 4 గంటలకోసారి, చలికాలం 6 గంటలకోసారి నీళ్లు పట్టాలి. కుక్కనీ పిల్లినీ ఒకే పెట్టెలో పెట్టకూడదని కూడా ఉంది. అంత పనిగా రాశారంటే ఎవరో పెట్టే ఉంటారు.

"4 గంటలకోసారి నీళ్లు పడతావా?"

"నేను రెండు గంటలకో టీ తాగుతానండీ. అప్పుడే ఆయనకీ పడతాను."

బంగారం అప్పుడే 'ఆయన' అయిపోయాడు.

"ఎక్కడెక్కడ ఆపుతావు?"

"సూర్యాపేటలో టీ, కోదాడ దాటాక భోజనం, బెజవాడ దాటాక కునుకు, అన్నవరంలో దణ్ణం."

"అన్నవరంలో ఎందుకు ఆగడం?"

నావంక జాలిగా చూసి, "నాకూ నాలుగు ప్రశ్నలున్నాయండీ" అన్నాడు. "బండెక్కితే వాంతి చేసుకుంటాడా?"

వాడు ఎక్కిన బండి నా స్కూటరొక్కటే, అదీ స్టాండు వేసి ఉన్నప్పుడు.

"ఖాకీ చొక్కా చూస్తే మొరుగుతాడా? నేను వేసుకునేది అదే గదండీ. హారను మోతకి బెదురుతాడా? ఏమని పిలిస్తే వస్తాడు?"

దీపావళికి మంచం కింద దూరతాడనీ, 'కూర్చో' అంటే నిలబడి చూస్తాడనీ, 'సిట్' అంటే కూర్చుంటాడనీ చెప్పాను. చిన్నప్పుడు వాణ్ణి మా అమ్మాయి ఇంగ్లీషు మీడియంలో చేర్పించింది. మిగతా రెండూ వదిలేశాను. నాలుక్కి రెండు, నూటికి యాభై.

"అయితే ఇప్పుడే చూసేద్దామండీ" అని బంగారాన్ని కేబిన్లోకి ఎక్కించి, హయత్‌నగర్ దాకా వెళ్లి అరగంటలో తిరిగొచ్చాడు. బంగారం కిటికీలోంచి తల బయటపెట్టి, ఎన్నికల్లో గెలిచినవాడిలా వీధంతా పరికిస్తున్నాడు. డ్రైవరు భుజం మీద తువ్వాలు మాత్రం లేదు. "ఒక్కసారేనండీ. రేపు బయల్దేరే రెండు గంటల ముందే పెట్టెయ్యండి, ఆనక పెట్టకండి" అన్నాడు. 1978 నిబంధనల్లోనూ రెండు గంటలే. ఆయన చదివి ఉండడు.

మర్నాడు సాయంత్రం స్కూటరు ట్యాంకు ఖాళీచేసి, నాలుగు పక్కలా ఫొటోలు తీసి, మీటరు అంకె రాసుకుని ఎక్కించాం. దాని నంబరు ఉమ్మడి రాష్ట్రం నాటి ఏపీదే. 2014లో టీఎస్ వచ్చినా, 2024లో టీజీ వచ్చినా దానికి పట్టలేదు. పుట్టింటికి వెళ్తున్నట్టే కదా అన్నాను. కాదట, ఏడాది మించి అక్కడుంటే ఇక్కడి ఎన్‌ఓసీ, అక్కడి కొత్త నంబరూ తప్పవట. ఇదీ డ్రైవరే చెప్పాడు. నా ప్రశ్నపత్రం నకలు ఒకటి ఆయన జేబులో కుక్కి, మేం రైలెక్కాం.

దారిలో ఐదుసార్లు ఫోన్ చేశాను. తాళ్లు బిగువుగా ఉన్నాయా, పట్టా ఎగరట్లేదు కదా, ఏదన్నా అయితే బీమా కూడా లేదయ్యా. ఐదోసారి క్లీనరు కుర్రాడు ఎత్తాడు. "ఆయన పడుకున్నాడండీ, మా డ్రైవరుగారు కూడా పడుకున్నారండీ. మీరూ పడుకోండి."

మర్నాడు మధ్యాహ్నం మధురవాడలో లారీ ఆగింది. క్లీనరు సీట్లో బంగారం ఉన్నాడు. క్లీనరు వెనక బల్ల మీద ముడుచుకుని ఉన్నాడు. రారా అంటే వాడు దిగడు. సిట్ అంటే ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు. చివరికి డ్రైవరు అన్నవరం ప్రసాదం విస్తరాకు పొట్లం విప్పితే, నెయ్యి వాసనకి ఒక్క గెంతున నేల మీదున్నాడు. మా ఆవిడకి దక్కింది ఆకే.

మీటరు చూశాను. అంకె మారలేదు. అద్దాలు రెండూ ఉన్నాయి. హ్యాండిలుకి ఓ దారం వేలాడుతోంది, నిమ్మకాయతో, మిరపకాయలతో.

డ్రైవరు జేబులోంచి నా ప్రశ్నపత్రం తీసి ఇచ్చాడు. వెనకవైపు పెన్సిలుతో లెక్క: ఉడికించిన గుడ్లు 4, పాలు, నీళ్ల సీసాలు 3, తువ్వాలు 1, నిమ్మకాయ మిరపకాయలు 10 రూపాయలు.

"నిమ్మకాయ కూడా కుక్క ఖాతాలోనేనా?"

"స్కూటరు ఖాతాలోదండీ. బీమా లేదు, బీమా లేదని తెగ బెంగపడ్డారు గదా మాస్టారూ. హయత్‌నగర్ దాటకముందే కట్టించేశాను."