ముసలి ఫోనుకి ఓనమాలు

మా ఇంట్లో ఎవరు కొత్త ఫోను కొన్నా పాతది నా బల్ల మీదికి చేరుతుంది. పనిచేసే వస్తువుల మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. పనిచెయ్యనిది ఎదురుగా ఉంటేనే నా బుర్ర పనిచేస్తుంది. మిక్సీ పాడైనప్పుడు ఈ ప్రతిభ ఎక్కడికి పోతుందని మా ఆవిడ అడుగుతుంది. మిక్సీలో సాఫ్ట్‌వేర్ లేదు కదా, నేనేం చెయ్యను?

అలా వచ్చిన వాటిలో నా పక్కన నిలిచింది ఒక్కటే. మా అబ్బాయి వాడి వదిలేసిన 2011 నాటి ఫోను. కంపెనీ పేరెందుకు లెండి, ఈ మోడల్ని వాళ్ళే మర్చిపోయారు. మూడంగుళాల తెర. లోపల 180 ఎంబీల చోటు. ఆండ్రాయిడ్ 2.3, ముద్దుపేరు జింజర్‌బ్రెడ్. ఆండ్రాయిడ్ వాళ్ళు 2009లో కప్‌కేక్‌తో మొదలుపెట్టి, వచ్చిన ప్రతి రకానికీ ఒక మిఠాయి పేరు పెట్టుకుంటూ పోయారు. 2019లో పదో నంబరు దగ్గరికి వచ్చాక, షుగరు టెస్టు చేయించుకున్నారో ఏమో, ఒక్కసారిగా మానేశారు. ఈ మధ్యలో 2016లో 'ఎన్' అక్షరంతో మంచి పేరు చెప్పండని లోకాన్నంతా అడిగారు. మలయాళీలు నెయ్యప్పం కోసం ఊరూవాడా ఏకం చేశారు. మన నువ్వులుండ తరఫున నేనొక్కణ్ణే నిలబడ్డాను. చివరికి నూగట్ అని పెట్టారు.

జింజర్‌బ్రెడ్‌తో నాకు వచ్చిన తంటా దానికి తెలుగు రాకపోవడం. తెలుగులో ఏం వచ్చినా తెర మీద వరసగా ఖాళీ డబ్బాలు కనబడేవి. తెనాలిలో ఉండే మా తోడల్లుడికి ఎస్సెమ్మెస్ కూడా తెలుగులోనే పంపాలన్న పట్టుదల ఉంది. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70కి మించి పట్టవు. అందుకని ఆయన పంపినది ముక్కలు ముక్కలుగా వచ్చేది, ప్రతి ముక్కా నిండా డబ్బాలే. ఆయనకి పద్యాలల్లే సరదా ఉంది కనుక పద్యమే అయ్యుంటుందని నా అంచనా.

ఓరోజు ఫోన్ చేశాడు. "అన్నయ్యగారూ, నేను పంపింది చూశారా?"

"చూశానయ్యా. అద్భుతం. నాలుగు పాదాలూ సమానంగా కుదిరాయి."

అటువైపు కాసేపు ఏమీ వినబడలేదు. పొగడ్తకి ముడుచుకుపోయే మనిషి, పాపం, అనుకున్నాను.

ఆ రోజుల్లో డబ్బాలకి జనం చేసుకున్న మొదటి వైద్యం ఒపేరా మినీ. దాంట్లో అడ్రసు రాసేచోట 'ఒపేరా కోలన్ కాన్ఫిగ్' అని కొడితే రహస్య గదిలాంటి పేజీ తెరుచుకునేది. అట్టడుగున, సంక్లిష్ట లిపులకి బొమ్మల అక్షరాలు వాడాలా అని ఒక ప్రశ్న. దానికి 'ఎస్' అని సేవ్ చేస్తే, ఎక్కడో దూరదేశంలో ఉన్న వాళ్ళ సర్వరు తెలుగు అక్షరాలని బొమ్మలుగా గీసి పంపేది. ఫోనుకి చదువు రాకపోయినా బొమ్మలు చూపించగలదు కదా. నెట్ బ్యాలెన్సు మాత్రం ఇట్టే కరిగిపోయేది. ఆ పద్ధతిలో నేను తెలుగు బ్లాగులెన్నో చదివాను. కాని ఎస్సెమ్మెస్‌లు ఒపేరాలోకి రావు. తోడల్లుడి పద్యాలు డబ్బాల్లోనే ఉండిపోయాయి.

రెండో వైద్యం రూట్ చెయ్యడం. డబ్బు పోసి కొన్నది మనమే అయినా ఫోను లోపలి సిస్టమ్ ఫోల్డర్లోకి మనకి ప్రవేశం లేదు. రూట్ చెయ్యడమంటే గుమ్మం దగ్గరున్న కాపలావాడికి ఇంటిగలవాళ్ళం మేమేనని నచ్చజెప్పుకోవడం. ఇలా చేస్తే వారంటీ పోతుందని తెర మీద ఎర్రక్షరాల హెచ్చరిక వచ్చింది. మా అబ్బాయి చేతుల్లోంచి రెండుసార్లు మెట్ల మీద పడినప్పుడే అది పోయింది.

లోపల ఫాంట్ల ఫోల్డర్లో 'డ్రాయిడ్ శాన్స్ ఫాల్‌బ్యాక్' అనే ఫైలుంది. వేరే ఫాంట్లలో లేని లిపులన్నిటికీ అదే దిక్కు. అందులో చైనా, జపాన్ అక్షరాలు వేలకివేలు ఉన్నాయి, మనవి ఒక్కటీ లేదు. తెలుగు అక్షరాలు చేర్చిన ఫైలొకటి సంపాదించి దాని స్థానంలో పెట్టాను. డబ్బాలు పోయాయి, అక్షరాలు వచ్చాయి. ఒత్తులు మాత్రం అక్షరం కింద కూర్చోకుండా, విడిది నచ్చని మగపెళ్ళివారిలా పక్కకెళ్ళి నిలబడ్డాయి. 'అన్నయ్య' కాస్తా 'అన్‌నయ్‌య' అయింది. ఇదేం విడ్డూరమని ఆరా తీస్తే తెలిసిందేమంటే, ఫాంటు ఒక్కటే ఉంటే చాలదట. తలకట్టు తీసి గుడి పెట్టడం, ఒత్తుని కిందికి దించడం చూసుకునే ఇంజను వేరే ఉండాలట. అది జింజర్‌బ్రెడ్‌లో లేదు. నేను అరుగు మీద కూర్చుని ఒక్కో మాటా కూడబలుక్కుని పైకి చదువుతుంటే పక్కింటావిడ తొంగిచూసి, "మనవడొచ్చాడా అన్నయ్యగారూ? ఒకటో తరగతా?" అని అడిగింది.

ఆ ఇంజను 2012లో వచ్చిన 4.1లో, అంటే జెల్లీబీన్‌లో ఉంది. తెలుగు, కన్నడం, మలయాళం మూడూ ఆ విడతలోనే ఆండ్రాయిడ్‌కి ఒంటబట్టాయి. కాని మా ఫోనుకి అది ఎక్కదని కంపెనీవాళ్ళు చేతులెత్తేశారు. కొత్త ఫోను కొనుక్కోమని దాని అర్థం. నాకు అర్థం కాలేదు.

సయనోజెన్‌మాడ్ పేరు అప్పుడే విన్నాను. స్టీవ్ కాండిక్ అనే అమెరికా ప్రోగ్రామరు 2009లో మొదలుపెట్టాడు. ఆండ్రాయిడ్ మూలకోడు అందరికీ తెరిచే ఉంటుంది కనుక, దాన్ని తీసుకుని కంపెనీలు వదిలేసిన ఫోన్లకి కొత్తవి వండి పెట్టేవారు. 2016 చివర్లో ఆ దుకాణం మూతపడితే అందులోవాళ్ళే లీనియేజ్ ఓఎస్ అని మళ్ళీ తెరిచారు. మా ఫోనుకి సరిపడా వండినవాడు పోలండు కుర్రాడొకడు. పరీక్షలున్నాయి, నెలరోజులు నన్నేమీ అడగొద్దని రాసుకున్నాడు. దానికింద పనిచెయ్యనివాటి జాబితా: కెమెరా, బ్లూటూత్, ఎఫ్ఎమ్ రేడియో, అప్పుడప్పుడూ ఫోన్ కాల్స్. తక్కినవన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తాయట. నాకు కావలసింది తెలుగు. అది పనిచెయ్యనివాటిలో లేదు.

ఫ్లాష్ కొట్టడానికి, అంటే ఆ వండినదాన్ని ఫోనులోకి ఎక్కించడానికి, ముందు డౌన్‌లోడ్ మోడ్‌లోకి వెళ్ళాలి. వాల్యూమ్ తగ్గించే బటను, హోమ్ బటను, పవర్ బటను మూడూ ఒకేసారి నొక్కి పట్టుకుని, తెర వెలిగే క్షణానికి కేబుల్ పెట్టాలి. ఈ పద్ధతి కనిపెట్టినవాడికి చేతులెన్నో నాకు తెలీదు. నేను మా ఆవిణ్ణి పిలిచాను.

"ఏమండీ, ఎంతసేపు నొక్కాలి?"

"తెర వెలిగేదాకా."

"పొయ్యి మీద పాలున్నాయండీ."

"ఇదీ పొయ్యి మీదే ఉంది. ఇప్పుడు వదిలితే ఫోను డెడ్."

పాలు పొంగిన వాసన వచ్చింది, తెర కూడా వెలిగింది. నీలం గీత సగం దాకా పాకింది. కరెంటు పోయింది. ఉమ్మడి రాష్ట్రంలో కోతలు జోరుగా ఉన్న వేసవి అది. ఫోనుకి బ్యాటరీ ఉంది, దాన్ని నడిపించే కంప్యూటరుకి లేదు. యూపీఎస్ ఉండేది కాని, అది మాకు కరెంటు పోయిందని కూతపెట్టి చెప్పడానికే ఉపయోగపడేది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ కూతలమధ్యే గీత చివరిదాకా పాకింది. మా ఆవిడ బొటనవేలు చూసుకుంటూ, "దీనికంటే ఆవకాయకి ముక్కలు కొట్టడం నయం" అంది.

తరవాత లోగో వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. దీన్ని బూట్‌లూప్ అంటారు. దానికి క్యాష్ తుడవాలి, డాల్విక్ క్యాష్ తుడవాలి, డేటా అంతా తుడిచేసి మళ్ళీ వెలిగించాలి. మొదటిసారి వెలగడానికి చాలాసేపు పడుతుంది, ఆత్రపడి బ్యాటరీ పీకేవాళ్ళే ఎక్కువ చెడిపోతారు. నేను పీకలేదు. తెల్లవారుజామున తెర మీద 'స్వాగతం' కనబడింది. ఒత్తు ఒత్తు స్థానంలో ఉంది.

ముందుగానే ఎస్డీ కార్డులో దాచి ఉంచిన ఎస్సెమ్మెస్‌లన్నీ తిరిగి ఎక్కించాను. పోయిన ఏడాది నుంచి తోడల్లుడు పంపినవి ఒక్కొక్కటే తెరిచాను. వాటిలో పద్యాలు రెండో మూడో ఉన్నాయి. తక్కినవన్నీ, వాళ్ళ ఊరెళ్ళినప్పుడు నేను చేబదులు తీసుకున్న అయిదువేల గురించి. ఎంత మర్యాదగా అడిగాడంటే, 'మీకు వీలైనప్పుడే' అన్న మాట ప్రతిదాంట్లో ఉంది. తెలుగు రావడం వల్ల నాకు కలిగిన మొదటి నష్టం అది.

లాభం 2018 ఫిబ్రవరిలో కలిగింది. ఆ నెలలో లోకమంతటా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం దెబ్బకి కుప్పకూలాయి. 'జ్ఞా'ని ఒక ప్రత్యేకమైన పద్ధతిలో కూర్చి పంపితే, చూపించబోయిన యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో గనక వస్తే మొత్తం ఫోనే తలకిందులయ్యేది. ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. లక్ష రూపాయల ఫోను మోయలేకపోయిన అక్షరాన్ని నా మూడంగుళాల తెర నిబ్బరంగా చూపించింది. "నాన్నా, దయచేసి నాకు పంపకు" అని మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి బతిమాలాడు. మా ఇంట్లో నా ఫోనుని చూసి ఎవరైనా భయపడ్డది అప్పుడే. ఆ వారమంతా దాన్ని చొక్కా జేబులో, తెర బయటికి కనబడేలా పెట్టుకు తిరిగాను.

180 ఎంబీల చోటులో సంసారం చెయ్యడం వేరే విద్య. దాని శత్రువు వైరస్ కాదు, శుభోదయం. భారతీయుల ఫోన్లు ఎందుకు నిండిపోతున్నాయని గూగుల్ వాళ్ళు ఆరా తీస్తే గుడ్‌మార్నింగ్ బొమ్మలు పెద్ద కారణంగా తేలాయని 2018లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. మా బంధువులకి అంతర్జాతీయ ఖ్యాతి వచ్చినందుకు సంతోషించాను. ఎస్డీ కార్డుని రెండు భాగాలు చేసి యాప్‌లని అందులోకి తరిమాను. తామరపువ్వులు, సూర్యోదయాలు, వాటి మీద ఎవరూ చెప్పని సూక్తులు రోజూ తుడిచాను. చివరికి వాట్సాప్ వాళ్ళే దయతలిచారు. 2020 ఫిబ్రవరిలో 2.3ని వదిలేశారు, 2023 అక్టోబరులో 5.0 కన్నా పాతవాటన్నిటినీ వదిలేశారు. అప్పటినుంచి నా ఫోను తేలిగ్గా ఉంది, నేనూ తేలిగ్గా ఉన్నాను.

ఈలోగా కంపెనీలు ఒక్కొక్కటీ 3జీ మూసేశాయి. ఇప్పుడు 2జీ మీద నడుస్తోంది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా తేదీ 1970 జనవరి 1కి వెళ్ళిపోతుంది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు గనుక కాసేపు ప్రశాంతంగానే ఉంటుంది. కాని ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. వాటి ధ్రువపత్రాలేవీ ఆ తేదీకి పుట్టలేదు. తేదీ సరిచేశాక పత్రాలకి హామీ ఇచ్చే మూలపత్రం పాతబడిపోయిందని మరో పేచీ. కొత్తదాన్ని ఎస్డీ కార్డులోంచి చేత్తో ఎక్కించాను.

ఒకసారి వానలో తడిస్తే మా ఆవిడే చొరవగా బియ్యం డబ్బా తెచ్చి, "సన్నబియ్యమా, రేషన్ బియ్యమా?" అని అడిగింది. రెండూ వద్దన్నాను. బియ్యం తేమని లాగేదేమో కాని, దాని పిండి చార్జింగ్ రంధ్రంలో చేరుతుంది. ఐఫోన్లని బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ వాళ్ళు కూడా 2024లో చెప్పారు. బ్యాటరీ ఊడదీసి ఫ్యాను కింద పెడితే అదే ఆరింది. ఊడే బ్యాటరీ విలువ అప్పుడు తెలుస్తుంది. ఉబ్బిందో లేదో చూడడానికి దాన్ని బల్ల మీద పెట్టి వేలితో తిప్పాలి. గిర్రున తిరిగితే ఉబ్బినట్టే, ఇక వాడకూడదు. లోపల గ్యాసు చేరి ఉంటుంది, గుచ్చితే అంటుకుంటుంది.

కిందటి నెల పవర్ బటను పోయింది. ప్రస్తుతానికి వాల్యూమ్ బటనుతో వెలిగేలా అమర్చుకున్నాను. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఒక కుర్రాడికి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "గీ ఫోన్ పార్ట్స్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతయ్ సార్! మా అన్న ఉన్నప్పుడు వస్తుండె" అన్నాడు. అన్న ఎక్కడున్నాడని అడిగితే దుబాయ్‌లో అన్నాడు. పార్టు కోసం అంత దూరం వెళ్ళడం గురించి ఇంట్లో ఇంకా చర్చ పెట్టలేదు.

కనుక పాఠకులకి నాదొక విన్నపం. మీ ఇంట్లో టీవీ కింద సొరుగులో, పాత రిమోట్ల మధ్య, మూడంగుళాల తెర ఫోనొకటి తప్పక పడి ఉంటుంది. పారెయ్యకండి. దాని పవర్ బటను స్ట్రిప్పు నాకు కావాలి, రంగు పట్టింపు లేదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం చెత్తబుట్టలో వెయ్యకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చెయ్యండి. ఉత్తరం తెలుగులోనే రాయొచ్చు, ఇప్పుడు ఒత్తులన్నీ కనబడుతున్నాయి. అప్పు సంగతులు మాత్రం రాయకండి.