డెడ్ స్టాకు రిజిస్టరు, 47వ పంక్తి: టీకాతాత్పర్యసహితము

అవతారిక

కాళిదాసునకు కోలాచల మల్లినాథసూరి దొరకెను. మన కచేరీల బీరువాలలో తరతరములుగా పెరుగుచున్న డెడ్ స్టాకు రిజిస్టరను మహాగ్రంథమునకు మాత్రము నేటివరకు వ్యాఖ్యాత దొరకలేదు. నేనీ పనికి పూనుకొనుటకు హేతువు నా పాండిత్యము గాదు, మా మేనల్లుని బదిలీ. ఒక పెద్ద ప్రసారసంస్థలో స్టోర్సు చూచుకొను ఈ చిరంజీవి, మొన్నటి సంక్రాంతికి హైదరాబాదునుండి సగము ఆంధ్రదేశముతో కలిసి బయలుదేరి, 65వ నంబరు జాతీయ రహదారిపై మా చిల్లకల్లు టోలుగేటు ముందు చాలసేపు తపస్సు చేసి, భోగిమంట చల్లారిన పిమ్మట ఇల్లు చేరి, కాళ్లైనను కడుగుకొనకమునుపే సంచిలోనుండి యొక జెరాక్సు కాగితము తీసి నా ముందు పెట్టెను.

"మామయ్యా, చార్జి అప్పగించాలంటే రిజిస్టర్లో ఉన్న ప్రతి వస్తువూ చూపించాలి. అన్నీ చూపించాను, ఈ నలభై ఏడో లైను తప్ప. ఇది తేలితే గాని నన్ను రిలీవ్ చెయ్యరు. వస్తువు ఎలాగూ లేదు, మీరు ఇన్నేళ్లు ప్రబంధాలకి అర్థాలు చెప్పారు గదా, కనీసం దీని అర్థమైనా చెప్పండి" అనెను.

మూలము

ఊహర్ టేపు రికార్డరు, తోలుపెట్టెతో. 1. ఉన్నది. ప.చే. పైగది.

ప్రతిపదార్థము

ఊహర్ = మ్యూనిక్ నగరమునందలి యొక జర్మను కంపెనీ; 1960 ప్రాంతములనుండి దేశదేశముల రేడియో విలేఖరుల భుజములకు వ్రేలాడిన చిన్న స్పూలు రికార్డరు వీరిదే. ఇది రూఢ్యర్థము. ఊహింపదగినదే కాని చూడదగినది కానిది గావున ఊహర్ అని మా మేనల్లుని యౌగికార్థము.

తోలుపెట్టెతో = ఇది సహార్థక తృతీయ. శిష్యునితో గురువు వచ్చెననినచో వచ్చినవారిద్దరని చిన్నపిల్లవాడైనను చెప్పును. ఇచ్చట ప్రక్కగడిలో అంకె మాత్రము 1. శరీరాత్మలవలె పెట్టెయు యంత్రమును విడదీయరాని యొక్క తత్త్వమని వ్రాసిన గుమాస్తా విశిష్టాద్వైతి యై యుండును. ఆడిటరో, శుద్ధ ద్వైతి. చిక్కేమనగా, తోలుపెట్టె దొరికినది. దానిపై తెల్లరంగుతో 47 అని స్పష్టముగా నున్నది. మూత తెరచిన లోపల తెగిన కేబులు ముక్కలు, ఎవరిదో పొడుము డబ్బా. శరీరము చిక్కి జీవుడు చిక్కని ఈ దశలో 47వ వస్తువు దొరకినట్లా, దొరకనట్లా యని వారి కచేరీలో మూడు మెమోలు నడచినవి.

ఉన్నది = ఈ పంక్తికి ప్రాణమీ పదమే గావున కొంత నిలిచి చూడవలెను. పైకి వర్తమానార్థకముగా కన్పట్టుచున్నను, ఈ "ఉన్నది" నిరుటి పుటలోని "ఉన్నది"కి నకలు. అదియు ముందటేటి దానికి నకలు. కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి (2017) యందలి 213వ నియమము, స్థిరవస్తువులను ఏటికొక పర్యాయమైనను స్వయముగా సరిచూచి, ఆ ఫలితమును రిజిస్టరున వ్రాయవలెనని శాసించుచున్నది. మా వాని పూర్వాధికారులు ఇందలి ఉత్తరభాగమును తు.చ. తప్పక ఆచరించిరి. ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను ప్రమాణములలో మొదటిదానికి మేడమెట్లెక్కవలసియుండును, రెండవదానికి ఆలోచింపవలసియుండును. మూడవదగు శబ్దప్రమాణమునకో, పూర్వాధికారి సంతకము చాలును. ఆప్తవాక్యము నమ్మవలెనని శాస్త్రమే చెప్పుచున్నది గదా!

లేనిదానిని "లేదు" అని వ్రాసి తుడిచివేయరాదా యని అడుగవచ్చును. అడిగితిని. అవసరములేనిది, కాలము చెల్లినది, పనికిరానిది అని కారణములు వ్రాసి వస్తువును వదిలించుకొనుటకు 217వ నియమము దారి చూపుచున్నది. కాని కండెమ్ చేయవలెనన్నను కమిటీవారి ముందు వస్తువును పెట్టవలెను. చచ్చినదని వ్రాయుటకు శవము కావలెను. పోయినదని వ్రాసిన, పోగొట్టిన వాడెవడని విచారణ బయలుదేరును. కావున కనబడు వస్తువు ముసలిదై, కండెమై, వేలమునకు పోయి ముక్తి పొందును. కనబడని వస్తువొక్కటే రిజిస్టరులో చిరంజీవి.

ప.చే. = ఇచ్చట వ్యాఖ్యాతలలో భేదము కలదు. పని చేయును అని ఇచ్చినవాడు. పని చేయదు అని పుచ్చుకొన్నవాడు. పరీక్ష చేయవలెను అని ఇంజనీరు. పక్కకు చేర్చబడినది అని అటెండరు. లాఘవము కోరి రెండక్షరములు వ్రాసిన ఆ సూత్రకారుడు రిటైరై పోయెను. నాలుగర్థములలో మూడు యథార్థములగుటకు వీలున్నందున శ్లేషగా గ్రహింపనగును.

పైగది = వ్రాసిననాడు మేడమీది గది. తరువాత దానిపై మరియొక అంతస్తు లేచినందున మూలము మారకయే పైగది నడిమిగది యయ్యెను. నేడది సర్వర్లుండు గది. అచ్చటికి పోవలెనన్న పాదరక్షలు విడువవలెను, చలికి శాలువ కప్పుకొనవలెను. దేవాలయలక్షణములలో లోపించినది ప్రసాదమొక్కటే.

పూర్వపక్షము

ఇంతలో మా ప్రక్కయింటి ఇంజనీరింగు పిల్లవాడు అరుగుమీదనుండియే ఆక్షేపించెను: "ఇంత గొడవెందుకు తాతయ్యా? టోలుగేటు దగ్గర చూడలేదా?" 2021 ఫిబ్రవరినుండి తప్పనిసరియైన ఫాస్టాగు అను ఆ అద్దపుచీటిలో బ్యాటరీ లేదు, గేటుపైనున్న యంత్రము పంపు రేడియో తరంగము తాకగానే మేలుకొని తన నంబరు తాను చెప్పుకొనును. అట్టి చీటి ప్రతి కెమెరాకు, ప్రతి మైకునకు, ప్రతి లాప్‌టాపునకు అంటించినచో రిజిస్టరు తనంత తాను వ్రాసికొనునని వాని వాదము. రేడియో తరంగముల వ్యాపారము చేయు సంస్థ తన సామాను లెక్కకు రేడియో తరంగమును వాడుకొనకపోవుట చిత్రమేయని నేనును ఒప్పుకొంటిని.

మా మేనల్లుడు మాత్రము నిట్టూర్చెను. "చీటీ అంటించడానికి వస్తువంటూ ఉండాలి గదా? ఇప్పుడు కొనేవాటిలో సగం వస్తువులే కావు, లైసెన్సులు. దేనికంటించేది? ఎడిటింగ్ మెషీనుకి నంబరుంది. దాని పాస్‌వర్డ్ తెలిసినాయన రిటైరై నూజివీడులో మామిడితోట చూసుకుంటున్నాడు. ఆ పాస్‌వర్డ్ ఏ రిజిస్టర్లో ఎక్కించను?"

ఇది మన దేశమునకే పరిమితమైన సంకటము గాదు. లండనునందలి బీబీసీవారు తమ చిత్రధ్వనిసామగ్రినంతను కంప్యూటరులో నిమిడ్చి టేపులతో పనిలేకుండ చేయబూని, 2013 మే నెలలో ఆ పథకమును విడిచిపెట్టిరి. కొట్టివేసిన మొత్తము 9 కోట్ల 84 లక్షల పౌన్లు. అంతకు మునుపు అదే సంస్థలో టేపు ఖరీదైనదని పాతదానిపై క్రొత్తది రికార్డు చేయుచుండగా డాక్టర్ హూ యను ధారావాహికలో తొంబదికి పైగా భాగములు బీబీసీ భాండాగారమునకు దక్కకపోయినవి. టేపు వస్తువు గనుక దానికి విలువ. దానిలోని మాటకు గడి లేదు. మన 47వ పంక్తిలో మిగిలినది తోలుపెట్టె యగుట, చూడగా, యాదృచ్ఛికము కాదేమో.

దృష్టాంతము

వస్తువునకును దాని పద్దునకును ఈ ఎడబాటు అనాదిసిద్ధమా? కాదనుటకు సాక్ష్యము మాకు కూతవేటు దూరములో జగ్గయ్యపేటలోనే కలదు. 1882లో బర్జెసు దొర త్రవ్వించిన బౌద్ధస్తూపమువద్ద లభించిన ప్రాకృతశాసనము ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ ఏటిది. సిద్ధార్థుడను శిల్పి మహాచైత్యము తూర్పు ద్వారమున ఐదు ఆయక స్తంభములు నెలకొల్పెనని అందున్నది. పరిమాణము ఐదు, స్థలము తూర్పు ద్వారము, తేదీ వర్షర్తువున ఎనిమిదవ పక్షము, పదియవ దినము, దాత యెవరు, అతని తండ్రి యెవరు, తల్లి యెవరు, ఏ యూరివారు. ఆడిటరు వేలు పెట్టుటకు సందు లేదు. అన్నిటికంటె మెచ్చదగినదేమనగా, ఈ పద్దు మరియొక పుస్తకములో లేదు, ఆ స్తంభముల మీదనే చెక్కబడినది. పదునేడు శతాబ్దములకు మీదపడినను "పైగది" యేదియని ఎవరును వెదకుకొనలేదు.

ఈ మాట విని మా వాడు కొంతసేపు ఊరకుండి, రాతిమీది పద్దు సరే, రిజిస్టరులోని చావుల మాటేమి యనెను. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను, వ్యూహాత్మకస్థలములలోని సుమారు 50 తప్ప, 2022 మార్చి 31 నాటికి నిలిపివేయుదుమని ప్రసారభారతి 2021లో ప్రకటించినప్పుడు పత్రికలలో నాలుగు పంక్తులు వచ్చినవి. చదివినవారికి మీట నొక్కిన ధ్వని వినబడియుండును. మా మేనల్లుని వంటివారికి మాత్రము ఒక్కొక్క టవరు, ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు, ఏసీ, మడతకుర్చీ వేర్వేరుగా రిజిస్టరులో గతించు దృశ్యము కన్నులకు కట్టినదట. వానిలో విద్యుత్సామగ్రి కళేబరములనైనను పాతసామాన్లవాని తూకమునకు వేయ వీలులేదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము రిజిస్టరైన ఉత్పత్తిదారునకో, బాగుచేయువానికో, రీసైక్లరుకో మాత్రమే అప్పగింపవలెను.

విశేషాంశము

కనుమనాటి సాయంకాలము మినపగారెలు తినుచుండగా నాకొక విషయము జ్ఞప్తికి వచ్చెను. నా బాల్యమున మా రామాలయపు అరుగుమీదికి, భుజమున తోలుపెట్టె వ్రేలాడుచుండగా ఒక తెల్లచొక్కా మనిషి వచ్చి, మిరపతోట రైతులను చుట్టును కూర్చుండబెట్టి, పెట్టె మూత తీసి, రెండు చక్రములు తిరుగు యంత్రమునకు మాటలాడుడనెను. ఏ సంస్థవాడో అడుగవలెనని అప్పుడు తోచలేదు. మా పెద్దమామ తెగులును గూర్చి అరగంట మాటలాడి, ఆ మాటలే తనకు తిరిగి వినిపింపగా, ఈ గొంతు నాది కాదని పోట్లాటకు దిగెను. పెట్టెమీద తెల్లరంగుతో ఏదో అంకె యున్నదనియు జ్ఞాపకము. 47 అని మాత్రము ప్రమాణము చేయలేను.

మా మేనల్లుడు గారె చేతబట్టుకొనియే లేచి, కలము తీసి, జెరాక్సు ప్రతిమీద రిమార్కుల గడిలో "చిల్లకల్లు గ్రామమున చూచినవారు కలరు" అని వ్రాసికొని, పండుగ కాగానే దానిని పైకి పంపెను. పది దినములకు కచేరీనుండి సమాధానము వచ్చినదట: చూచినప్పుడు అది ప.చే.యా, కాదా?