రెండు సెకన్ల చూపు

లింక్డిన్‌లో ఒక కంపెనీ వీడియో ప్రకటన పెట్టిందనుకోండి. అది ఎవరి ఫోన్లోనైనా కనీసం సగభాగం తెరమీద కనబడుతూ రెండు సెకన్లపాటు ఆగకుండా ఆడితే చాలు, ఒకరు చూసినట్టు లెక్క రాసుకుంటారు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, ఆ సంస్థ పెట్టుకున్న కొలతే. రెండు సెకన్లలో మనిషి ఏం చూస్తాడండీ? పెళ్లిచూపులకని బయల్దేరి, బండి ఆపకుండా వీధిగుమ్మం ముందునుంచే వెళ్లిపోయినవాడు పిల్లని చూశాడని చెప్పుకుంటామా? ఆ లెక్కలనే రంగురంగుల గీతలుగా వేసి నెలాఖరున యజమాని ముందు పెడుతున్నారు. ఆయన చూసి సంతోషిస్తున్నాడు. నాకు మాత్రం కడుపు రగిలిపోతోంది. సరుకు అమ్మే విద్య నా కళ్లముందే పాడైపోతోంది.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. నేను పనిచేసింది రైస్ మిల్లు సామాన్ల వ్యాపారంలో. రబ్బరు రోల్స్, బెల్టులు, బేరింగులు. ఇటు మిర్యాలగూడ, అటు తాడేపల్లిగూడెం, మండపేట దాకా నా లైను. సంచిలో కేటలాగు, కార్బన్ కాగితం పెట్టిన ఆర్డరు పుస్తకం, ఒక వెర్నియర్, రోల్ నుంచి కోసిన రబ్బరు ముక్క, మారుబట్టలు. ఎంక్వైరీ అంటే పోస్టుకార్డు మీద వచ్చేది. "మీ మనిషిని ఒకసారి పంపగలరు" అని రెండు ముక్కలు. షావుకారు అడిగేది మనిషిని. కేటలాగు ఆ మనిషి సంచిలో దానంతటదే వచ్చేది.

రబ్బరు రోల్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. మిల్లులో రెండు రోల్స్ ఎదురెదురుగా తిరుగుతుంటాయి, ఒకటి వేగంగా, ఒకటి కాస్త నెమ్మదిగా. వాటి సందులోంచి వడ్లు జారుతుంటే ఆ వేగాల తేడాకి గింజమీది ఊక ఊడిపోతుంది. రబ్బరు అరిగేకొద్దీ మిల్లు నడిపే డ్రైవరు సందు బిగిస్తూ పోవాలి. మరీ బిగిస్తే బియ్యం విరిగి నూక అవుతుంది. వదులైతే ఊక పోని వడ్లు బియ్యంలోకి వచ్చేస్తాయి. ప్రభుత్వానికి మిల్లాడించి ఇచ్చే పచ్చిబియ్యానికి ఏళ్లతరబడి నడిచిన లెక్క ఒకటుంది: క్వింటాల్ ధాన్యానికి 67 కిలోల బియ్యం రావాలి, అందులో నూక 25 శాతం దాటకూడదు. దాటితే లారీ వెనక్కి వస్తుంది. అంటే మిల్లు షావుకారు లాభనష్టాలు ఆ రబ్బరు పొర మీద ఆధారపడి ఉంటాయి. అలాంటి వస్తువుని మాటలతో ఎవడు కొంటాడు?

ఎవడూ కొనేవాడు కాదు. "ముందు ఒక జత వెయ్యవయ్యా, ఆడనీ, తర్వాత మాట్లాడుకుందాం" అనేవారు. పాత రోల్స్ ఊడదీసి కొత్తవి బిగించేదాకా డ్రైవరు పక్కనే నిలబడేవాణ్ణి. మోటారు వేశాక ఆ చప్పుడులో ఎదుటి మనిషి మాట వినపడదు, అన్నీ సైగలే. కాసేపటికి షావుకారు వచ్చి గొట్టం కింద చెయ్యి పెట్టి గుప్పెడు బియ్యం పట్టేవాడు. ఆ గుప్పెడూ వరండాలో తెల్ల కాగితం మీద పోసి, చూపుడువేలితో నూక ఒకపక్కకి, నిండు గింజ ఒకపక్కకి, వడ్లగింజ ఉంటే ఇంకోపక్కకి తోసేవాడు. అంతసేపూ ఒక్క మాట ఉండేది కాదు. నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. కాగితం మీద నూక కుప్ప చిన్నదయితే మజ్జిగ తెమ్మని లోపలికి కేకేసేవాడు. మజ్జిగ వచ్చిందంటే ఆర్డరు వచ్చినట్టే.

మా సరుకుకి అదే ప్రకటన. సాయంత్రం వరకూ ఆడేది. పక్క మిల్లువాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లేవారు.

ఇలా చేసింది మేమే మొదలు కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభలకు వెళ్లి వచ్చినవాళ్లకు ఉచితంగా పంచిపెట్టారు. మందు గొప్పదని చెప్పి ఊరుకోలేదు, నుదుటికి రాసుకుని చూడమన్నారు. తర్వాత 1908లో అక్కడే ఆంధ్రపత్రికను స్థాపించారు. పత్రిక చేతిలో ఉన్న మనిషికి ప్రకటనల శక్తి తెలియదా? తెలుసు. అయినా ముందు వస్తువుని మనిషి చేతికిచ్చారు. ఆ వరుసే సరైనదని నా నమ్మకం.

చిన్నాచితకా ప్రకటనలు మాకూ ఉండేవి. సంక్రాంతి ముందు శివకాశి నుంచి కేలండర్లు వచ్చేవి, పైన లక్ష్మీదేవి బొమ్మ, కింద కంపెనీ పేరు, ఫోన్ నంబరు. మిల్లు ఆఫీసు గోడమీద ఏడాదంతా వేలాడేది. గుమాస్తా ఆ తేదీల గళ్లలోనే పెన్సిలుతో "రోల్ మార్చాం", "బెల్టు తెగింది" అని రాసుకునేవాడు. నేను వెళ్లగానే ముందు ఆ గళ్లు చదివేవాణ్ణి. మా రోల్ ఎన్నాళ్లు ఆడిందో అక్కడే తేలిపోయేది, అబద్ధమాడడానికి నాకూ వీల్లేదు, వాళ్లకూ వీల్లేదు.

ప్రకటన పొట్టిదయిందని నేను గొణగడం లేదు. వివిధభారతిలో 1967 నుంచి వ్యాపార ప్రకటనలు వస్తున్నాయి, దూరదర్శన్‌లో 1976 నుంచి. పది, ఇరవై సెకన్లవి ఎన్ని వినలేదు? ఆ పది సెకన్లలోనే వస్తువు పేరు, అదెందుకు పనికొస్తుంది, ఎక్కడ దొరుకుతుంది, అన్నీ చెప్పేవారు. ఇప్పుడు పదిహేను సెకన్లిచ్చినా ఆ మూడింట్లో ఒక్కటీ చెప్పడం లేదు. నా గోల అది.

మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో ఒక మెషిన్ల కంపెనీలో మార్కెటింగ్ చూస్తున్నాడు. బియ్యంలో నల్లగింజలు ఏరే సార్టెక్స్ మెషిన్లు వాళ్లవి. మొన్న పండక్కి వచ్చినప్పుడు లింక్డిన్‌లో వాళ్లు వేసిన వీడియో చూపించాడు. ముందు డ్రోన్‌తో తీసిన ఆకాశం. తర్వాత అద్దాల మేడ. అందులో కాఫీ కప్పులు పట్టుకుని నవ్వుతున్న ఇద్దరు. వాళ్లు మిల్లు గుమ్మం తొక్కినవాళ్లు కారని చొక్కాలు చూస్తేనే తెలుస్తోంది. ఆఖర్న ఇంగ్లీషులో భవిష్యత్తు గురించి ఒక వాక్యం, కంపెనీ గుర్తు. అయిపోయింది.

"ఏరా, మెషినేదీ?" అన్నాను.

"అది బ్రాండింగ్ వీడియో, పెదనాన్నా. మెషిన్ చూపిస్తే ఎవరూ ఆగి చూడరు" అన్నాడు.

ఆ మాటతో నాకు ప్రాణం ఉసూరుమంది. వాళ్ల మెషిన్ ఏం చేస్తుందో తెలుసా మీకు? వాలుగా ఉన్న పళ్లెం మీదనుంచి బియ్యం ధారగా జారి కిందపడుతుంటే, గాలిలో ఉండగానే కెమెరాలు గింజ గింజనీ చూస్తాయి. రంగు మారిన గింజ కనబడితే చాలు, కింద పడేలోపే సన్నటి గొట్టంలోంచి గాలి వచ్చి ఆ ఒక్క గింజనీ పక్క తొట్లోకి కొట్టేస్తుంది. పక్కనున్న మంచిగింజలు తమ దారిన పోతాయి. ఆడవాళ్లు చేటల ముందు కూర్చుని పొద్దంతా ఏరిన పనిని గాలి చేస్తోంది! దాన్ని నెమ్మదిగా కదిలే బొమ్మగా తీసి చూపిస్తే, బియ్యం వండుకు తినేవాడెవడైనా వేలు కదపకుండా చూస్తాడు. పదిహేను సెకన్లు దానికి సరిగ్గా సరిపోతాయి కూడా. మా కాలంలో ఇలాంటి పరికరం మాకుంటే మిల్లు మిల్లుకీ మోసుకెళ్లేవాళ్లం. అరచేతిలో సినిమా పెట్టుకుని అందులో కాఫీ కప్పులు చూపిస్తారా?

పైగా ఆ వీడియోకి బోలెడు పోసి సంగీతం కట్టించారు. లింక్డిన్‌లో వీడియోలు మామూలుగా చప్పుడు లేకుండానే ఆడుతాయి, ఎవరైనా నొక్కితేనే శబ్దం వస్తుంది. కింద అక్షరాలు వేయండని ఆ సంస్థే సలహా ఇస్తుంది. వేశారు, ఇంగ్లీషులో. మిల్లు నడిపే డ్రైవరు, కొనమనో వద్దనో షావుకారుతో చెప్పేవాడు, చదివేది తెలుగు. ఆ అక్షరాలు తెలుగులో వేస్తే ఎవరు కాదన్నారు?

ఈ వేదికలో మంచి లేదని నేననను. లింక్డిన్ మొదలైంది 2003లో. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల అధిపతిగా ఉన్న మైక్రోసాఫ్ట్ దాన్ని 2016లో 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. వ్యాపారాల వీడియో ప్రకటనలు 2018లో వచ్చాయి. హోదా, పరిశ్రమ, ఊరు, కంపెనీ పేరు చెప్పి, ఈ ప్రకటన వీళ్లకే కనబడాలని కోరుకోవచ్చు. సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుకే, చక్కెర ఫ్యాక్టరీలో పర్చేజ్ మేనేజరుకే చేరేలా పంపవచ్చు. అలాంటి వాళ్ల పేర్లు తెలుసుకోవడానికి మేం గేటు దగ్గర వాచ్‌మన్ని బతిమాలుకునేవాళ్లం. బాలానగర్‌లో చిన్న షెడ్డు పెట్టుకున్నవాడు తాను చేసిన గేరు చక్రాన్ని పూణేలో ఉన్న కొనుగోలుదారుకి ఇంట్లో కూర్చుని చూపించగలుగుతున్నాడంటే అది మామూలు విషయం కాదు. చిన్నవాడికి ఇంత చెయ్యి మా రోజుల్లో లేదు. లేదు కాబట్టే ఉన్నదాన్ని పాడుచేస్తుంటే చూడలేకపోతున్నాను.

అసలు బాధ వీడియో అయిపోయాక మొదలవుతుంది. ప్రకటన కింద ఒక మీట ఉంటుంది, నొక్కితే ఫారం వస్తుంది. పేరు, ఈమెయిలు, కంపెనీ అన్నీ అందులో ముందే నిండి ఉంటాయి, పంపడమే తరువాయి. దాన్ని లీడ్ అంటున్నారు. నాకు తెలిసిన మిల్లు యజమాని కొడుకు ఒకడు, చదువుకున్నవాడు, డ్రయరు కావాలని ఒక కంపెనీకి అలాగే పంపాడు. మర్నాటినుంచి ఈమెయిళ్లు. తర్వాత ఎవరో ఫోన్ చేసి బడ్జెట్ ఎంత, ఎప్పటిలోగా నిర్ణయం తీసుకుంటారు అని కాగితం చూసి చదివినట్టు అడిగారు. మీ మిల్లులో ఏ రకం ధాన్యం ఆడతారు, తేమ ఎంత ఉంటుంది, ఊకతో మండించే పొయ్యి ఉందా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మనిషి రానేలేదు. చివరికి వాళ్ల నాన్న పాత పద్ధతిలో పక్క ఊరి మిల్లుకి వెళ్లి, అక్కడ ఆడుతున్న డ్రయరు చూసి, దాన్ని చేసిన కంపెనీకి ఆర్డరు పెట్టాడు. మరి మొదటి కంపెనీ లెక్కల్లో ఆ కుర్రవాడు ఈనాటికీ ఒక లీడే.

మిగతా వాటికంటే లింక్డిన్‌లో ప్రకటన ఖర్చెక్కువని ఆ పని చేసేవాళ్లే చెబుతారు. ఎంతయినా పెట్టనివ్వండి, వాళ్ల డబ్బు. కానీ నేనెరిగిన కంపెనీల్లో అటు ప్రకటనల పద్దు పెరుగుతుంటే ఇటు జిల్లాల్లో తిరిగే సర్వీసు మెకానిక్కులు తగ్గిపోతున్నారు. సీజన్లో అర్ధరాత్రి ఎలివేటరు బెల్టు తెగితే మిల్లు ఆగుతుంది, వడ్ల లారీలు రోడ్డు మీద వరసకడతాయి, హమాలీలు ఖాళీగా కూర్చుంటారు. ఆ వేళప్పుడు షావుకారు ఫోన్ తీసి వీడియో చూస్తాడా? మెకానిక్కు పేరు కోసం వెతుకుతాడు. ఆ పేరు తెలిసిన కంపెనీదే వచ్చే ఏడాది ఆర్డరు. మా కాలంలో మాకు వ్యాపారం నిలబడింది ఆ రాత్రిళ్ల వల్లే. బస్సు లేకపోతే లారీ ఎక్కి వెళ్లేవాళ్లం, బెల్టు భుజాన వేసుకుని.

మా తమ్ముడి కొడుక్కి చెప్పిందే మీకూ చెబుతున్నాను, వీడియోలు తీసే పిల్లల్లారా. మొదటి రెండు సెకన్లే లెక్కకొస్తాయంటున్నారు కదా, ఆ రెండు సెకన్లలో మెషిన్ చూపించండి. గాలి కొట్టి నల్లగింజని ఎగరేసేది చూపించండి. అది నడిపే డ్రైవరుని చూపించండి, అతని పేరు వేయండి, ఏ ఊరి మిల్లో చెప్పండి. నూక ఎంత వస్తోందో కాగితం మీద పోసి చూపించండి, ఎక్కువొస్తే ఎక్కువొచ్చిందనే చెప్పండి. ఆఖరి సెకన్లలో కంపెనీ గుర్తు చిన్నది చేసి, ఆ జిల్లాకి వచ్చే మెకానిక్కు నంబరు పెద్దగా వేయండి. ఆ నంబరుకి ఫోన్ చేస్తే మనిషి పలకాలి, పలికినవాడు రావాలి. ఇవన్నీ ఆఫీసులో కూర్చుంటే దొరకవు. ఖరీఫ్ వడ్లు వచ్చే నవంబరులో కెమెరా పట్టుకుని మిర్యాలగూడ వెళ్లండి, అప్పుడు అక్కడ మిల్లులు రాత్రింబగళ్లు ఆడుతుంటాయి.