ఒకటిన్నర పైచిలుకు పిల్లాడు

"బావగారూ, ఇది విన్నారా? ఇక్కడ ప్రైవేటు బళ్ళో చదివే పిల్లాడు ఒక్కడు కాదట. ఒకటి పాయింట్ అరవై అయిదట!"

షికాగో నుంచి మా వియ్యంకుడుగారి ఫోను. ముప్ఫయ్యేళ్ళు ట్రెజరీలో కూచుని జనం బిల్లులు తిప్పికొట్టి రిటైరైన మనిషి. దశాంశ స్థానం కనబడితే చాలు, బీపీ మాత్ర వేసుకున్నంత హాయి ఆయనకి. ఏటా ఆర్నెల్లు ఆయన అక్కడ కొడుకింటికీ, నేను ఇక్కడ డాలస్ పక్కన మా వాడింటికీ కాపలా. ఇద్దరికీ కారు నడపడం రాదు. అందుకని మధ్యాహ్నం మజ్జిగన్నం అయ్యాక ఫోన్లోనే అమెరికా అంతా తిరుగుతాం.

"ఎవరు చెప్పారండీ?" అన్నాను.

"సర్కారే అనుకోండి. ఇల్లినాయ్ రాష్ట్రంలో హైస్కూలు ఆటలు చూసే అసోసియేషన్ 2005లో తేల్చింది."

సంగతేమిటంటే, అక్కడ బళ్ళ మధ్య పోటీలు తలలు లెక్కపెట్టి పెడతారు. మూడొందలమంది ఉన్న బడి మూడువేలమంది ఉన్న బడితో తలపడకుండా ఫుట్‌బాల్‌కి 1ఎ నుంచి 8ఎ దాకా ఎనిమిది అంతస్తులు కట్టారు. అంతవరకూ ధర్మమే. తగువంతా చర్చి బళ్ళ దగ్గర వచ్చింది. సర్కారు బడికి జోను ఉంటుంది. ఆ గీత లోపల కాపురమున్నవాళ్ళ పిల్లలే రావాలి, పొడుగో పొట్టో వచ్చినవాళ్ళతోనే ఆడుకోవాలి. చర్చి బడికి గీత లేదు. మైళ్ళ అవతల ఆరడుగుల పిల్లాడు నడుస్తుంటే వాణ్ణీ చేర్చుకోవచ్చు. ఇదెక్కడి న్యాయమని సర్కారు బళ్ళు గోల పెడితే, పెద్దలు కూచుని ఆలోచించి గీతలేని బళ్ళ హాజరుపట్టీని 1.65తో గుణించారు. వెయ్యిమంది ఉంటే 1,650 అని రాసుకుని పై అంతస్తుకి తోసేస్తారు. మొదట్లో మరీ చిన్న బళ్ళకి మినహాయింపు ఇచ్చారు. కొన్ని ప్రైవేటు బళ్ళు కోర్టుకెక్కాయి, దిగాయి.

"అలబామాలో 1999లోనే ఈ పద్ధతి పెట్టారండీ. కాకపోతే అక్కడ 1.35" అన్నారు వియ్యంకుడుగారు.

అంటే ఇల్లినాయ్ నుంచి అలబామాకి మకాం మారిస్తే, దారిలో పిల్లాడికి 0.30 తరుగు. ధాన్యం మిల్లులో కూడా ఇంత తరుగు తియ్యరు.

"మరి గుణించాక సర్కారు బళ్ళు గెలుస్తున్నాయా?" అని అడిగాను.

ఆయన కాస్త గొంతు తగ్గించారు. 2022, 2023, 2024... వరసగా మూడేళ్ళు అన్నిటికన్నా పై అంతస్తు 8ఎలో కప్పు లోయోలా అకాడమీది. దాని కింద 7ఎలో మౌంట్ కార్మెల్‌ది. రెండూ క్యాథలిక్ బళ్ళే. గుణిస్తే పెరుగుతారన్న సంగతి ఆ మీటింగులో ఎవరికీ తట్టినట్టు లేదు.

"మా టెక్సాస్‌లో ఈ ఎక్కాల గొడవ లేదు బావగారూ, వేరు కాపురాలు" అని నేను మా రాష్ట్రం తరఫున మీసం దువ్వాను. ఆర్నెల్లు ఉంటే చాలు, ఎవరి రాష్ట్రం మీద వాళ్ళకి అభిమానం పుడుతుంది. ఇక్కడ సర్కారు బళ్ళు 1910లో పుట్టిన యు.ఐ.ఎల్. అనే సంస్థ కింద ఆడుకుంటాయి. ప్రైవేటువాళ్ళలో చాలామందికి టాప్స్ అని వేరే పొయ్యి ఉంది. డాలస్‌లో ఒకటీ హ్యూస్టన్‌లో ఒకటీ, రెండు జెస్యూట్ బళ్ళకి మాత్రం 2003లో సర్కారు పంక్తిలో విస్తరి వేశారు. న్యూజెర్సీ మూడో రకం: ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. సీజనంతా కలిసి ఆడి, కప్పు దగ్గరికి వచ్చేసరికి ప్రైవేటువాళ్ళకి విడిగా పంచుతారు. ఉమ్మడి కుటుంబంలో కోడళ్ళ తగువుని మనవాళ్ళు ఎన్ని రకాలుగా సర్దుతారో, సరిగ్గా అన్ని రకాలుగా వీళ్ళు ఫుట్‌బాల్‌ని సర్దుతున్నారు.

ఇక్కడ నాకు మొదట్లో పెద్ద తిరకాసు వచ్చింది. మా వాడు "మన పిల్లాడు పబ్లిక్ స్కూలు నాన్నా" అంటే, పాపం ఎంత ఫీజు కడుతున్నాడో అని బెంగపడ్డాను. మన హైదరాబాదులో పబ్లిక్ స్కూలు అంటే పబ్లిక్ గేటు బయట నిలబడి చూసేది కదా. తీరా చూస్తే ఇక్కడ పబ్లిక్ అంటే నిజంగానే పబ్లిక్కట. అంటే సర్కారు బడి. పైసా ఫీజు లేదు.

"ఫ్రీ నాన్నా!" అన్నాడు.

"మరి ఈ ఇల్లు రోడ్డుకి అవతలున్న అలాంటి ఇంటికన్నా అంత ఎక్కువెందుకు పెట్టి కొన్నావు?"

"స్కూల్ జోను బాగుంటుందని."

"ఓహో. అయితే ఫీజు ఎవరికి కడుతున్నావు?"

వాడు కాసేపు ఆలోచించి, "బ్యాంకుకి" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ వాయిదాలు. మనవడు హైస్కూలు దాటడానికి ఇంకో నాలుగేళ్ళు. ఆపైన ఇంటిపన్ను. టెక్సాస్‌లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదని మొదటి రోజు మురిసిపోయాను గానీ, ఇంటిపన్ను కాగితం చూశాక నోరు మూతపడింది. అందులో లావుపాటి పద్దు ఈ ఉచిత విద్యదే.

అదృష్టమేమిటంటే, ఆ డబ్బు ఎక్కడికి పోతోందో శుక్రవారం రాత్రి దీపాల వెలుగులో కనబడుతుంది. మా వాడుండే చోటికి దగ్గర్లోనే అలెన్ అని ఊరు. ఆ ఊరి సర్కారు హైస్కూలుకి 2012లో ఫుట్‌బాల్ స్టేడియం కట్టారు. ఖర్చు 6 కోట్ల డాలర్లు, సీట్లు 18,000. మళ్ళీ చదవండి, కాలేజీ కాదు, హైస్కూలు. ఊరివాళ్ళు 2009లో ఓట్లేసి మరీ 11.9 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు, ఇదీ అందులోదే. ప్రారంభమైన రెండేళ్ళు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్ళిచ్చింది, 2014లో మూసేశారు, బాగుచేసి 2015లో తెరిచారు. పగుళ్ళ కబురు విన్నాకే నాకా స్టేడియం మీద ఆత్మీయత కలిగింది. మన కాంట్రాక్టర్లు ప్రపంచమంతా ఉన్నారన్నమాట.

మా మనవడు కూడా శుక్రవారం రాత్రి గ్రౌండులో దిగుతాడు. చేతిలో క్లారినెట్‌తో. సగం ఆట అయ్యాక బ్యాండులో ముప్ఫయ్యోవాడు. మావాళ్ళ వీధిలో తెలుగు పిల్లలంతా అంతే. టెన్నిస్, చెస్, స్పెల్లింగ్ బీ, మరీ తెగిస్తే క్లారినెట్. ఫుట్‌బాల్ వైపు ఒక్కణ్ణీ పోనివ్వరు. కానీ ఆ బడి ఫుట్‌బాల్‌లో గెలిస్తే మాత్రం ఇళ్ళ ధరలు నిలబడతాయని కేకలు వేస్తారు. నేనూ వేశాను.

సంగతి వియ్యంకుడుగారితో చెబితే ఒప్పుకోలేదు. "ఎంత ఖర్చు పెట్టినా గీత గీతే కదండీ. చర్చి బడికి గీత లేదు. అది అన్యాయం."

"గీత ఉంది బావగారూ. చర్చి బడి గీత పర్సు చుట్టూ, సర్కారు బడి గీత ఇంటి చుట్టూ. ఇల్లు కొనలేని కోచ్ కొడుకు కూడా ఆ గీత దాటలేడు."

ఆయన ట్రెజరీ మౌనం పాటించారు. అంటే ఫైలు పెండింగు.

మర్నాడు ఆయనే టెన్నెసీ కేసు తీసుకొచ్చారు. 1997లో బ్రెంట్‌వుడ్ అకాడమీ అనే ప్రైవేటు బడి కోచ్, వచ్చే ఏడు తమ బళ్ళో చేరబోతున్న పన్నెండుమంది ఎనిమిదో క్లాసు కుర్రాళ్ళకి ఉత్తరం రాశాడు. మా ప్రాక్టీసుకి రండర్రా, ఇట్లు మీ కోచ్ అని. వాళ్ళింకా చేరలేదు కదా, అప్పుడే "మీ కోచ్" ఏమిటని రాష్ట్ర అసోసియేషన్ 3,000 డాలర్ల జరిమానా వేసి, రెండేళ్ళు ప్లేఆఫ్‌లు ఆడొద్దంది. బడి కోర్టుకెళ్ళింది. ఆ పోస్టుకవరు దేశపు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు. 2001లో అయిదుగురు జడ్జీలు బడి వైపు, నలుగురు అసోసియేషన్ వైపు. 2007లో తిరగబడి అసోసియేషన్ నెగ్గింది. ఉత్తరం అందుకున్న కుర్రాళ్ళు అప్పటికి పెళ్ళీడుకొచ్చారు.

"చూశారా, పిల్లల్ని ముందే గాలం వేసి లాగితే ఇక్కడ పదేళ్ళు కోర్టు చుట్టూ తిప్పుతారు" అన్నారాయన, గర్వంగా.

నాకు నవ్వాగలేదు. మన దగ్గర పదో క్లాసు పిల్లాడి చేతిలో హాల్‌టికెట్టు తడి ఆరకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో అరుగు మీద కూచుని ఉంటాడు. మండలంలో ఫస్టు వచ్చేలా ఉన్న జిల్లాపరిషత్ హైస్కూలు పిల్లాడైతే సీటు ఫ్రీ, హాస్టలు ఫ్రీ. సర్కారు మాస్టారు పదేళ్ళు పెంచిన చెట్టుకి కాయ కొయ్యడానికి రెండేళ్ళు నీళ్ళు పోస్తే చాలు. మన హైస్కూలు ఆట ఫుట్‌బాల్ కాదు, ర్యాంకు. మన శుక్రవారం రాత్రి ఫలితాల రోజు. స్టేడియం లేకపోతేనేం, ఊరి నిండా ఫ్లెక్సీలున్నాయి.

అన్నట్టు, గుణకం వీళ్ళు కనిపెట్టారనుకోవడం కూడా పొరపాటే. ఒకే ర్యాంకరు ఇంత నవ్వుతో మూడు సంస్థల ప్రకటనల్లో కనబడటం మనం ఎన్నేళ్ళుగా చూడటంలేదూ? ఒకడు అక్కడ హాస్టల్లో ఉన్నాడంటాడు, ఇంకొకడు మా టెస్టులు రాశాడంటాడు, మూడోవాడు మా మెటీరియల్ చదివాడంటాడు. మన పిల్లాడి గుణకం 3.00. ఇల్లినాయ్ ఇంకా 1.65 దగ్గర కొట్టుమిట్టాడుతోంది.

ఇక నిజం ఆటలంటారా? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో బడికి ఆటస్థలం ఉండాలని రాశారు, ఎంత ఉండాలో రాయలేదు. ఆ దయ వల్ల అపార్టుమెంటు బళ్ళు క్యారమ్ బోర్డు చుట్టూ స్థలం చూపించి బతికిపోయాయి. జిల్లాపరిషత్ హైస్కూలుకి పుష్కలంగా గ్రౌండుంది. కోతలప్పుడు ధాన్యం ఆరబోస్తారు, ఎన్నికలప్పుడు హెలికాప్టరు దింపుతారు. మిగిలిన రోజుల్లో పిల్లలు కబడ్డీ ఆడి, స్కూలు గేమ్స్‌లో ప్రైవేటు పిల్లల్ని కాళ్ళు పట్టి లాగి పడేస్తారు. ఈతకొలనూ స్కేటింగూ వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది, ఏ ఊరి సర్కారు బళ్ళో కొలనుంది గనక? కాలవలో ఈదిన పిల్లాడికి మెడల్ ఇచ్చే అసోసియేషన్ ఇంకా పుట్టలేదు.

అమెరికా న్యాయాన్ని నేను మరీ వెక్కిరిస్తున్నానని వియ్యంకుడుగారికి కోపమొచ్చింది. "పద్ధతి ఉందండీ ఇక్కడ! రూలున్న చోట దొంగ పట్టుబడతాడు!" అన్నారు. ఆ మాట నిజమే, పట్టుబడతాడు. కాకపోతే ఎటువైపు దొంగో ముందుగా తెలీదు. కాలిఫోర్నియాలో డి లా సాల్ అనే క్యాథలిక్ బడి 1992 నుంచి 2004 దాకా వరసగా 151 ఆటలు గెలిచింది. చివరికి వాషింగ్టన్ రాష్ట్రం బెల్‌వ్యూ సర్కారు బడి 39-20తో పడగొట్టింది. జోనున్న బడి జోనులేని బడిని కొట్టిందని సామాన్యుడు విజిల్ వేసే ఘట్టం. పన్నెండేళ్ళు తిరిగి 2016లో ఆ బెల్‌వ్యూ టీమ్ మీదే విచారణ రిపోర్టు వచ్చింది. ఆటగాళ్ళ కుటుంబాలు కొన్ని దొంగ అడ్రసులిచ్చాయట. ఇంకా అందం, సర్కారు టీమ్‌లో ఆడే కొందరు కుర్రాళ్ళు చదివేది పక్కనే ఓ చిన్న ప్రైవేటు బళ్ళోనట, ఫీజుకి టీమ్ అభిమానుల సాయమట. ఇప్పుడీ పిల్లాణ్ణి 1తో గుణించాలా, 1.65తోనా? ట్రెజరీ కూడా ఈ బిల్లు పాస్ చెయ్యలేదు.

వీటన్నిటికన్నా నాకు నచ్చినది ఒహాయోలోని బిషప్ సికమోర్. 2021 ఆగస్టు 29న ఈఎస్‌పీఎన్‌లో దేశమంతా చూస్తుండగా, ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీ చేతిలో 58-0తో మట్టికరిచింది. అప్పుడుగానీ ఎవరూ అడగలేదు, ఇంతకీ ఈ బడి ఎక్కడుందని. ఆ టీమ్ రెండురోజుల ముందే ఇంకో ఆట ఆడొచ్చిందని కూడా అప్పుడే తెలిసింది. డిసెంబరులో రాష్ట్ర విద్యాశాఖ దర్యాప్తు చేసి, అది స్కామ్ అని తేల్చింది. టీమ్ ఉంది, జెర్సీలున్నాయి, టీవీ ఉంది. బడి ఒక్కటే లోటు. సున్నాని దేనితో గుణించినా సున్నాయే కనక, ఇక్కడ మాత్రం 1.65 సూత్రం న్యాయంగా పనిచేసేది.

ఈ కథ చెబితే వియ్యంకుడుగారు నాలుగురోజులు ఫోను చెయ్యలేదు. అయిదోరోజు చేశారు. గొంతులో పండగ.

"బావగారూ, మా మనవణ్ణి క్యాథలిక్ స్కూల్లో వేశాం. లెక్కలు బాగా చెబుతారట."

"ఫుట్‌బాల్ ఆడతాడా?"

"అబ్బే, చదరంగం. కూచున్న చోటినుంచి లేవడు."

"మరి..."

"ఆడినా ఆడకపోయినా పట్టీలో పేరుంటే చాలండీ, లెక్కలో పడతాడు!" ఆయన ఒక్క క్షణం ఆగి, మా క్లారినెట్ వాడికి వినబడాలన్నట్టు గట్టిగా అన్నారు: "మావాడిప్పుడు 1.65!"

సెలవలకి వాణ్ణి తీసుకుని మా ఇంటికి వస్తామని కూడా అన్నారు. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. మా ఆవిడ రైస్ కుక్కరు కప్పు చేత్తో పట్టుకుని, "ఏమండీ, ఆయనా వదినగారూ పిల్లాడూ, ముగ్గురేగా? ఎన్ని కప్పులు ఎక్కువ పొయ్యమంటారు?" అని అడిగింది.

"మూడు పాయింట్ అరవై అయిదు" అన్నాను.