పావురాల బాబాయి

మా బాబాయిని మిరపకాయల్లో మోసం చెయ్యగలవాడు గుంటూరు యార్డులో ఇంకా పుట్టలేదు. కమీషన్ కొట్టులో గుమాస్తాగా తల నెరిసిన మనిషి. టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, పైన నిగనిగలాడే తేజ కాయల వంక కన్నెత్తి చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీసి, చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే సరే. లేకపోతే "నీళ్ళు కొట్టావు కదయ్యా" అంటాడు, అవతలివాడి మొహం కూడా చూడకుండా. నాలుగు తాలు కాయలు లోపల దాచినా ఆయన వేళ్ళకు తెలిసిపోతుంది.

అంతటివాడు, ఎదుటి మనిషి "వందనాలండి బ్రదర్" అన్నాడంటే చాలు, టిక్కీలోంచి చెయ్యి తీసేస్తాడు. ఆ తర్వాత ఆడించి చూడటాలూ, అడుగు తియ్యడాలూ ఏమీ ఉండవు.

ఇలాంటాయన ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. ముందు బెంచీ, పెద్దక్షరాల బైబిలు, చొక్కా జేబులో కానుక కవరు, ఫోన్లో పద్నాలుగు ప్రార్థన గ్రూపులు. తెల్లవారుజామున నాలుగున్నరకు మనకొచ్చే మెసేజీ వీళ్ళదే. మా బాబాయి దగ్గర్నుంచి ఏటా తప్పకుండా వచ్చేది ఒకటుంది: ఆఫ్ఘనిస్తాన్‌లో ఇరవై రెండు మంది మిషనరీలను రేపు మధ్యాహ్నం చంపబోతున్నారు, వెంటనే ప్రార్థించి పదిమందికి పంపండి అని. ఆ "రేపు" పదేళ్ళు దాటినా రేపుగానే ఉంది. ఒకసారి కూర్చోబెట్టి చెప్పాను. "బాబాయ్, 2007లో తాలిబన్లు కొరియా వాళ్ళను ఇరవై ముగ్గురిని ఎత్తుకెళ్ళిన మాట నిజమే. ఇద్దరిని చంపేశారు. మిగతావాళ్ళందరినీ ఆ ఆగస్టు నెలాఖరుకల్లా వదిలేశారు. ఈ మెసేజీలో ఊరి పేరు లేదు, తేదీ లేదు, పంపినవాడి పేరు లేదు." ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశావా, మన ప్రార్థన ఊరికే పోలేదురా" అని, ఆ శుభవార్తకు ఆనందిస్తూ పాత మెసేజీనే మళ్ళీ పంపాడు.

2011లో హెరాల్డ్ క్యాంపింగ్ అనే అమెరికా రేడియో బోధకుడు మే 21న తీర్పు దినం అన్నాడు. బాబాయి నమ్మాడు. బంధువులందరికీ ఫోన్లు చేసి క్షమాపణలు అడిగాడు, రావాల్సిన బాకీలు మాత్రం అడగలేదు. పాలవాడు ముందుగా డబ్బులడిగితే "నెలాఖరుకు చూద్దాంలే" అన్నాడు. 22వ తేదీ మామూలుగానే తెల్లారింది. ఆ బోధకుడు దాన్ని అక్టోబరు 21కి జరిపితే, యార్డుకు సెలవులు పొడిగించినంత తేలిగ్గా తీసుకున్నాడు మా బాబాయి.

ఈయన్ని మాకు మిగిల్చింది పిన్ని. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నాడి పట్టుకుంటే గానీ మనిషి బతికున్నాడని కూడా ఒప్పుకోదు. యెరూషలేము ఒలీవ నూనె అని బాబాయి తెచ్చిన అభిషేక తైలం సీసా మూత తీసి ఒక్కసారి వాసన చూసి, "పామాయిలు" అని దాన్ని పొయ్యి పక్కన పెట్టింది. స్వస్థత సభలో వేదిక మీది ప్రవక్త కళ్ళు మూసుకుని, ఇక్కడ మోకాళ్ళ నొప్పితో బాధపడుతున్న ఒక సహోదరి ఉంది అన్నప్పుడు బాబాయి ఆవిడ్ని మోచేత్తో పొడిచాడు. "అరవై దాటిన ఆడవాళ్ళం మూడొందల మందిమి కూర్చున్నాం. మోకాళ్ళ నొప్పి లేనిదాన్ని పేరుపెట్టి పిలవమనండి, అప్పుడు లేస్తాను" అంది పిన్ని. విత్తనం వేస్తే నూరంతలు కోసుకుంటారని కానుకల సంచి తిప్పినప్పుడూ అంతే. "మీ యార్డులో నకిలీ విత్తనం అమ్మితే రైతులు కొట్టు ముందు ధర్నా చేస్తారు. దీనికి రసీదైనా లేదు."

బాబాయికి వాక్యం తెలియక కాదు. పౌలంతటివాడు వచ్చి చెప్పినా, బెరయ వాళ్ళు రోజూ లేఖనాలు తిరగేసి సరిచూసుకున్నారని, అందుకు వాళ్ళను మెచ్చుకున్నారని ఆదివారం బడి పిల్లలకు చెప్పేది ఈయనే. ప్రతి ఆత్మనూ నమ్మవద్దని యోహాను రాసిన పత్రిక సంగతీ తెలుసు. అయితే ఆయన లెక్కలో పరీక్షించడమంటే దేవుణ్ణి అనుమానించడం. పాముల వివేకం, పావురాల నిష్కపటం రెండూ కావాలని ప్రభువు చెబితే ఈయన పావురాల్ని మాత్రమే పెంచుకున్నాడని పిన్ని ఫిర్యాదు.

ఓ పండక్కి నేను ఒంగోలు మిషనరీ క్లౌ దొర సంగతి ఎత్తాను. 1876–78 కరువులో జనం ఆకలితో చస్తుంటే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని కూలి ఇప్పించాడు. వేలమంది సంఘంలో చేరదామని వచ్చారు. కూడు కోసం వస్తున్నారేమోనని, కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. "అడిగిన వెంటనే ఇచ్చేస్తే ఎంత బాగా లెక్క చూపించుకునేవాడు, బాబాయ్! ఆగి చూశాడు."

బాబాయి శ్రద్ధగా విన్నాడు. "వాళ్ళు బాప్టిస్టులురా అబ్బాయ్, నిలువునా ముంచాలి. ఆలస్యమవుతుంది. మన లూథరన్లది చిలకరింపు."

నేను పట్టు వదల్లేదు. మరి యార్డులో ప్రతి టిక్కీ ఎందుకు తిరగేస్తావని అడిగాను. కాసేపు ఆగి, "అది యజమాని సొమ్మురా. చూడకపోతే ద్రోహం. ఇది నాది, పోతే నాదేగా పోయేది" అన్నాడు. ఆ జవాబుకు నా నోరు మూతపడింది. అలా మాట్లాడతాడనే ఆయన మీద కోపం నిలవదు. ఫీజు కట్టాలని వచ్చిన కుర్రాడి కాలేజీ పేరు కూడా అడగకుండా డబ్బిచ్చిన మనిషి, ఏ వీధిలో చావు జరిగినా అందరికంటే ముందు కుర్చీలు మోసే మనిషి. పిన్ని మాత్రం వంటింట్లోంచే అందుకుంది. "మీదెప్పుడైందండీ? మనం గృహనిర్వాహకులమే, అంతా ఆయనదే అని పిల్లలకు చెప్పేది మీరు కాదూ?"

మొన్న వాళ్ళ సంఘానికి ఎవరో కొత్త బోధకుడు వచ్చాడు. దశమభాగం మీద గంటన్నర మాట్లాడి, మలాకీ అయిదో అధ్యాయం తియ్యండి అన్నాడట. అందరూ పేజీలు తిప్పుతున్నారు. బాబాయి తిప్పలేదు. పిన్ని వైపు వంగి, "మలాకీలో నాలుగే" అన్నాడు, మెల్లగా. పిన్ని ఆ రాత్రే నాకు ఫోన్ చేసింది. మనవడు పుట్టినప్పుడు కూడా ఆ గొంతులో అంత సంతోషం వినలేదు.

"అయితే కవరు జేబులోనే ఉంచుకున్నాడా?" అన్నాను.

"ఎక్కడిదీ! పాపం రాత్రంతా బస్సులో వచ్చి ఉంటాడు, నిద్ర లేదేమో అని జాలిపడ్డాడు. కానీ వెయ్యి ఇచ్చేవాడు అయిదొందలిచ్చాడురా. ఆ మిగిలిన అయిదొందలు నేనే తీసి పోపుల డబ్బాలో పెట్టాను. ఆయనకు చెప్పకు, మళ్ళీ ఎవడో రేపు మధ్యాహ్నం అంటూ వస్తాడు."